పొగగొట్టములో రెండవ దహనము

తడి కట్టెలు పెట్టిన పొయ్యి రాజుకొనక పొగలు చిమ్ముచున్నపుడు ఇల్లాలు ఊదుగొట్టము తీసికొని ఊదును. నాలుగైదు సార్లు ఊదగానే, అంతవరకు కండ్లను మండించిన పొగ భగ్గున అంటుకొని మంటగా మారును. ఆ పొగ వట్టి వ్యర్థము కాదనియు, గాలి చాలక కాలకుండ మిగిలిన ఇంధనము అందు చాల కలదనియు దీనివలన తెలియుచున్నది. వేడి ఉన్నది, ఇంధనము ఉన్నది. కొరవడినది ఆమ్లజని మాత్రమే. దానిని సకాలమున అందించినచో పొగలోని ఇంధనము కాలిపోవును.

మోటారు కార్ల పొగను శుద్ధిచేయుటకు 1966వ సంవత్సరపు నమూనా కార్లలో, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, పెద్దయెత్తున ప్రవేశపెట్టబడిన సాధనము ఈ ఊదుగొట్టము వంటిదే. ఒక చిన్న పంపు బయటి గాలిని ఇంజను నుండి వెలువడు వేడి పొగలోనికి నెట్టును. ఇంజనులో కాలక మిగిలినది పొగగొట్టములో కాలును. సూత్రము ఇంత సులభము. ఐనను, కార్ల పొగలోని దోషమును శాస్త్రజ్ఞులు ఎత్తిచూపిన తరువాత ఈ పంపు కార్లలోనికి వచ్చుటకు సుమారు పదునాలుగు సంవత్సరములు పట్టినది. ఆ ఆలస్యమునకు కారణము రసాయన శాస్త్రములో మాత్రము దొరకదు.

లాస్ ఏంజెలెస్ నగరపు గాలి

లాస్ ఏంజెలెస్ నగరమునకు ఒకవైపు సముద్రము, తక్కిన వైపుల కొండలు. అచట తరచుగా నేలను ఆనియున్న చల్లని గాలిపై వెచ్చని గాలి పొర ఒకటి పరచుకొని నిలుచును. సాధారణముగా క్రింది గాలి వెచ్చగా ఉండి పైకి లేచును. ఇచట క్రమము తలక్రిందులగుటచే క్రింది గాలి పైకి పోజాలదు. నగరము మూతపెట్టిన పాత్రవలె ఉండును. అందు వెలువడిన పొగ అందే నిలిచిపోవును.

1943 జూలై 26వ తేదీన ఆ నగరమును దట్టమైన మంచువంటి పొగ కప్పివేసెను. కొద్ది వీధులకు ఆవల నేమున్నదో కానరాలేదు. జనుల కండ్లు మండినవి, గొంతులు గరగరలాడినవి. అది యుద్ధకాలము. శత్రువులు విషవాయువు ప్రయోగించిరేమో అని కొందరు భయపడిరి. కృత్రిమ రబ్బరు పరిశ్రమకు బ్యూటడయీను తయారుచేయు ఒక కర్మాగారమే కారణమని ప్రజలు భావించుటచే దానిని కొంతకాలము మూసివేసిరి. ఐనను పొగ తగ్గలేదు.

1947లో వాయు కాలుష్య నివారణకై ఆ జిల్లాకు ప్రత్యేక శాఖ ఏర్పడెను. కర్మాగారముల నల్లని పొగను, గంధక వాయువులను అది అదుపులోనికి తెచ్చెను. తరువాత 1957లో ఇంటి పెరడులలో చెత్త కాల్చుటను కూడ నిషేధించిరి. కండ్ల మంట మాత్రము పోలేదు. పైగా ఇది లండను పొగమంచు వంటిది కాదని క్రమముగా తేలెను. లండనులో బొగ్గు పొగ చలికాలమున, తేమలో పేరుకొనును. లాస్ ఏంజెలెస్‌లో బాధ మిట్టమధ్యాహ్నమున, నిండుటెండలో హెచ్చుగా ఉండెను. పైరుల ఆకులపై వింతమచ్చలు పడుచుండెను. రబ్బరు వస్తువులు పగుళ్లు తీయుచుండెను.

హాగెన్-స్మిట్ పరిశోధన

ఈ చిక్కుముడిని విప్పినవాడు ఆరీ హాగెన్-స్మిట్. హాలండు దేశమున 1900లో జన్మించి, కాలిఫోర్నియాలోని కాల్టెక్ విద్యాసంస్థలో ఆచార్యుడుగా నుండిన ఈయన వృక్ష సంబంధమైన పదార్థముల రసాయన శాస్త్రములో నిపుణుడు. అనాసపండు వాసనకు మూలమైన పదార్థములను వేరుచేయుటలో ఆయన నిమగ్నుడై యుండెను. పండునుండి వెలువడు ఆవిరిని మిక్కిలి చల్లని గొట్టములలో ఘనీభవింపజేసి పరీక్షించు పద్ధతి ఆయనకు కరతలామలకము. అదే పద్ధతిలో ఆయన నగరపు గాలిని చల్లబరచి, దిగిన ద్రవమును పరీక్షించెను. అందు పూర్తిగా కాలని ఇంధనమునకు సంబంధించిన ఆక్సీకృత పదార్థములు కనిపించెను.

1952లో ప్రకటించిన వ్యాసమున ఆయన తన నిర్ణయమును వివరించెను. పెట్రోలువంటి ఇంధనములలోని హైడ్రోకార్బనులు, అనగా ఉదజని, కర్బనము కలిసిన పదార్థములు, గాలిలో చేరును. దహనమున పుట్టిన నత్రజని ఆక్సైడులు కూడ చేరును. వీనిపై ఎండ పడినపుడు ఓజోను మొదలగు తీక్ష్ణమైన పదార్థములు ఏర్పడును. కండ్లను మండించునవి, ఆకులను మాడ్చునవి, రబ్బరును పగుల్చునవి ఇవియే. కావున గాలిని చెఱచు వస్తువు ఏ గొట్టమునుండియు అదే రూపమున వెలువడుట లేదు. అది ఆకాశమున, ఎండలో తయారగుచున్నది. దానికి కావలసిన సరుకు నందించుచున్నవి తైల కర్మాగారములు, అంతకంటె ముఖ్యముగా మోటారు కార్లు.

ఈ నిర్ణయమును అందరును వెంటనే అంగీకరింపలేదు. కొందరు పరిశోధకులు దానిని విమర్శించిరి. దానితో హాగెన్-స్మిట్ మరిన్ని ప్రయోగములు గావించెను. వంచిన రబ్బరు ముక్కలు ఎంతకాలములో పగులునో చూచి ఓజోనును కొలుచుట వానిలో నొకటి. తక్కువ ఖర్చుతో, కంటికి కనిపించునట్లు ఒక అదృశ్య వాయువును పట్టియిచ్చిన ప్రయోగమది.

పదునాలుగేండ్లు

జిల్లా పాలకులలో ఒకడైన కెన్నెత్ హాన్ 1953 నుండి కార్ల సంస్థల అధ్యక్షులకు లేఖలు వ్రాయసాగెను. కార్ల పొగను తగ్గించుటకు మీరేమి చేయుచున్నారని ఆయన ప్రశ్న. వచ్చిన సమాధానములలో ఒకదానియందు, కార్లు విడుచు ఆవిరులు గాలిలో త్వరగా చెదరిపోవుననియు, వానివలన వాయు కాలుష్య సమస్య లేదని తమ ఇంజనీర్లు భావించుచున్నారనియు వ్రాయబడెను. తరువాతి లేఖలలో సమస్య ఉన్నదని ఒప్పుకొనిరి, పరిశోధన జరుగుచున్నదనిరి. కాని కార్లలో మార్పు రాలేదు. 1955లో సంస్థలన్నియు కలిసి, పొగ నివారణ సాధనములలో ఎవరు కనిపెట్టినదైనను అందరును వాడుకొనవచ్చునని ఒడంబడిక చేసికొనెను. ఇది సహకారమువలె కనిపించును. కాని ముందు కనిపెట్టినవానికి ప్రత్యేక లాభము లేనపుడు ముందు పరుగెత్తవలెనను తొందర ఎవరికుండును?

1959లో కాలిఫోర్నియా రాష్ట్రము పొగకు హద్దులు నిర్ణయించెను. పొగలో హైడ్రోకార్బనులు పది లక్షల భాగములకు 275 భాగములను, కార్బన్ మోనాక్సైడు నూటికి ఒకటిన్నర భాగమును మించరాదు. 1960లో శాసనముచే ప్రత్యేక మండలి ఏర్పడెను. ఆ శాసనములో ఒక తెలివైన నియమము కలదు. పొగ తగ్గించు సాధనములలో రెండింటిని మండలి పరీక్షించి ఆమోదించినచో, ఆపైన వచ్చు క్రొత్త కార్లన్నింటికి అట్టి సాధనముండుట తప్పనిసరి. ఆ సాధనములను కార్ల సంస్థలే తయారుచేయవలెనని లేదు.

1967వ సంవత్సరపు నమూనాలకు ముందు పొగ సాధనము సాధ్యము కాదని కార్ల సంస్థలు చెప్పుచుండెను. కాని 1964 జూన్‌లో మండలి నాలుగు సాధనములను ఆమోదించెను. నాలుగును కార్ల సంస్థలకు వెలుపలివారు తయారుచేసినవి. రెండు నెలలు గడచెనో లేదో, ఆగస్టులో కార్ల సంస్థలు తమ సొంత సాధనములతో 1966 నమూనాలను సిద్ధము చేయగలమని ప్రకటించెను. జూన్ వరకు లేని శాస్త్రజ్ఞానము ఆగస్టునాటికి పుట్టుకొని రాలేదు. పుట్టినది అవసరము.

1969 జనవరిలో అమెరికా ప్రభుత్వ న్యాయశాఖ నాలుగు పెద్ద కార్ల సంస్థలపైనను, వాని సంఘముపైనను అభియోగము తెచ్చెను. అవి కూడబలుకుకొని పొగ సాధనములను ఆలస్యము చేసినవని ఆరోపణ. సంస్థలు తప్పును ఒప్పుకొనలేదు. ఇకమీదట అట్టి కూడిక చేయరాదను నిబంధనలతో అదే సంవత్సరము రాజీపై వ్యవహారము ముగిసెను.

పంపు పనిచేయు విధము

ఒక కిలోగ్రాము పెట్రోలు పూర్తిగా కాలుటకు సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావలెను. ఇంజను చల్లగా నున్నపుడును, వేగము పెంచునపుడును పెట్రోలు పాలు హెచ్చుగా నుండును. అపుడు ఆమ్లజని చాలక కర్బనము సగమే కాలి, బొగ్గుపులుసు వాయువునకు బదులు విషమైన కార్బన్ మోనాక్సైడుగా నిలిచిపోవును. అదిగాక సిలిండరు లోపలి గోడలు మంటకంటె చాల చల్లగా నుండుటచే గోడలకు చేరువలో మంట ఆరిపోవును. సన్నని సందులలో దూరిన మిశ్రమము అసలే అంటుకొనదు. ఇట్లు మిగిలిన పెట్రోలు ఆవిరియే పొగలోని హైడ్రోకార్బనులు.

1966 నమూనాలలో జనరల్ మోటార్స్ సంస్థ ‘ఎయిర్ ఇంజెక్షన్ రియాక్టర్’ అనియు, ఫోర్డు సంస్థ ‘థర్మాక్టర్’ అనియు పేర్లు పెట్టిన సాధనములు రెండును ఒకే జాతివి. ఇంజను త్రిప్పు బెల్టుతో ఒక చిన్న రెక్కల పంపు తిరుగును. పంపునుండి వచ్చిన గాలి సన్నని గొట్టములద్వారా ఒక్కొక్క సిలిండరు పొగద్వారమునకు, అనగా పొగ బయటికి వచ్చు కవాటము ప్రక్కకే, చేరును. గాలిని అచటనే వదలుటకు కారణము కలదు. ఉత్ప్రేరకము సహాయము లేకుండ హైడ్రోకార్బనులు కాలుటకు సుమారు 600 డిగ్రీల సెంటిగ్రేడునకు పైబడిన వేడి, కార్బన్ మోనాక్సైడు కాలుటకు 700 డిగ్రీలకు పైబడిన వేడి ఉండవలెను. పొగ గొట్టము వెంట పోయినకొలది చల్లారును. కావున అది పుట్టిన చోటనే, వేడి తగ్గకముందే గాలి అందవలెను. పొయ్యిలో నిప్పు ఉండగానే ఊదవలెను గాని చల్లారిన తరువాత ఊదిన ఫలమేమి?

అచట జరుగు రసాయన చర్య సరళమైనది. 28 గ్రాముల కార్బన్ మోనాక్సైడు 16 గ్రాముల ఆమ్లజనితో కలిసి 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువగును. హైడ్రోకార్బనులు బొగ్గుపులుసు వాయువుగను, నీటి ఆవిరిగను మారును. ఈ చర్యలలో పుట్టు వేడి పొగను మరికొంత వెచ్చబరచి దహనమునకు తోడ్పడును.

ఈ ఏర్పాటునకు రెండు కాపలాలు అవసరమైనవి. మొదటిది ఒకవైపే తెరచుకొను కవాటము. బెల్టు తెగి పంపు ఆగినచో వేడి పొగ వెనుకకు మరలి గొట్టములను, పంపును కాల్చివేయకుండ ఇది అడ్డుకొనును. రెండవది గాలిని ప్రక్కకు మళ్లించు కవాటము. వేగముగా పోవుచున్న కారు నడపువాడు హఠాత్తుగా కాలు తీసినపుడు కొద్ది క్షణములు పొగలో పెట్రోలు ఆవిరి మిక్కుటముగా నుండును. అపుడు గాలి తగిలినచో పొగగొట్టములో పెద్ద చప్పుడుతో ప్రేలుడు జరుగును. ఆ క్షణములలో ఈ కవాటము పంపుగాలిని బయటికి వదలివేయును.

పలుచన చేయుట శుద్ధి కాదు

ఈ సాధనమును గూర్చి తరగతిలో ఒక ప్రశ్న తప్పక పుట్టును. పొగలో గాలి కలిపినచో అందలి విషము పాలు తగ్గుట సహజమే గదా? అది నిజముగా నశించినదా, పలుచనైనదా? ఒక ఉదాహరణము చూడుడు. 100 లీటర్ల పొగలో 3 లీటర్ల కార్బన్ మోనాక్సైడు ఉన్నదనుకొందము. దానిలో 100 లీటర్ల గాలి కలిపినచో విషము నూటికి ఒకటిన్నర పాలుగా కనబడును. ఏమియు కాలకున్నను కాలిఫోర్నియా హద్దు అందినట్లే తోచును. కాని వీధిలోనికి వచ్చినది మునుపటివలెనే 3 లీటర్లు!

పరీక్షకులు ఈ లోపమును ఎరుగుదురు. పొగలోని కర్బనమంతయు పెట్రోలునుండి వచ్చినదే. కావున పొగలోని బొగ్గుపులుసు వాయువు, కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బనుల పాళ్లను చూచి ఎంత గాలి అదనముగా కలిసినదో లెక్కకట్టి, ఫలితమును సవరించిరి. 1970 నమూనాలనుండి అమెరికా జాతీయ హద్దులను పాళ్లలో గాక, మైలు ఒక్కింటికి గ్రాములలో చెప్పసాగిరి. ఆ యేటి హద్దు హైడ్రోకార్బనులకు 2.2 గ్రాములు, కార్బన్ మోనాక్సైడునకు 23 గ్రాములు. దేనిని కొలువవలెనో సరిగా నిర్ణయించుట, కొలిచెడి యంత్రమంత ముఖ్యము.

సాధనపు హద్దులు

గాలి పంపు అన్ని దోషములను తీర్చలేదు. ఇంజను ఊరక తిరుగుచున్నపుడు పొగ వేడి 300, 400 డిగ్రీలకు మించదు; అపుడు దహనము మందగించును. పొగను వేడిగా నుంచుటకు నిప్పురవ్వను ఆలస్యముగా పుట్టించవలసి వచ్చెను. దానివలన పెట్రోలు ఖర్చు పెరిగెను. పంపు త్రిప్పుటకు ఇంజను శక్తి కొంత వ్యయమయ్యెను. క్రైస్లర్ సంస్థ పంపు లేకుండనే, మిశ్రమములో గాలిపాలు హెచ్చించి, నిప్పురవ్వ వేళను మార్చి అదే హద్దును అందుకొనెను.

అంతకంటె పెద్ద లోపము నత్రజని ఆక్సైడులది. ఇవి కాలక మిగిలినవి కావు. సిలిండరులోని తీవ్రమైన వేడిలో గాలిలోని నత్రజని, ఆమ్లజని కలియుటచే పుట్టినవి. వీనికి మరింత గాలి ఇచ్చి ప్రయోజనము లేదు. హాగెన్-స్మిట్ చెప్పిన రెండు సరుకులలో ఒకటి తగ్గగా రెండవది నిలిచియుండెను. గాలిపాలు హెచ్చించిన ఇంజనులలో నది మరింత పెరిగెను కూడ. 1971లో కాలిఫోర్నియా దీనికిని హద్దు విధించెను.

ఉత్ప్రేరకముతో పొత్తు

1970 చివర అమెరికాలో వచ్చిన కఠినమైన శాసనము హైడ్రోకార్బనులను, కార్బన్ మోనాక్సైడును మరి నూటికి తొంబది పాళ్లు తగ్గింపవలెనని ఆదేశించెను. దీనికి పంపు ఒక్కటే చాలదు. ప్లాటినము, పల్లాడియము పూసిన ఉత్ప్రేరకములు 1975 నమూనా కార్లలో ప్రవేశించెను. ఉత్ప్రేరకము సమక్షమున 250, 300 డిగ్రీల వేడిలోనే దహనము మొదలగును. కాని ఉత్ప్రేరకము ఆమ్లజనిని పుట్టించదు. అది పొగలో ఉండవలెను. కావున అనేకమైన కార్లలో పాత గాలి పంపు ఉత్ప్రేరకమునకు తోడుగా నిలిచెను. పెట్రోలులోని సీసము ఉత్ప్రేరకమును పాడుచేయుటచే సీసము లేని పెట్రోలును అమ్మవలసివచ్చెను. ఈ విధముగా నొక సాధనము కొరకు చేసిన మార్పువలన నరములకు హానికరమైన సీసము కూడ గాలిలో తగ్గెను.

పొగలోని ఆమ్లజనిని కొలుచు సాధనముతోను, మూడు దోషములను ఒకేసారి తొలగించు ఉత్ప్రేరకముతోను 1977 నమూనా వోల్వో కారు కాలిఫోర్నియాలో వచ్చెను. ఇచట పంపు స్థానము మారెను. నత్రజని ఆక్సైడులనుండి ఆమ్లజనిని విడదీయవలసిన ఉత్ప్రేరకములో అదనపు గాలి చేరినచో ఆ పని చెడును. అందుచే తరువాతి కాలపు కార్లలో గాలి పంపునకు, చల్లని ఇంజను మొదలైన తొలి నిమిషము మాత్రమే పని మిగిలెను. అపుడు పెట్రోలు సరిగా ఆవిరికాదు, మిశ్రమము చిక్కగా నుండును, ఉత్ప్రేరకము ఇంకను చల్లగా నుండును. విద్యుత్తుతో తిరుగు చిన్న పంపు గాలినిచ్చి పొగను మండించును; ఆ వేడికి ఉత్ప్రేరకము త్వరగా మేల్కొనును. ఇట్టి పంపులు నేటికిని కొన్ని కార్లలో కలవు.

మన దేశములో

భారతదేశమున 1995 ఏప్రిల్ నుండి నాలుగు మహానగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు ఉత్ప్రేరకమును విధించిరి. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటను సీసము లేని పెట్రోలే అమ్మబడుచున్నది. మన రోడ్లపై కార్లకంటె రెండు చక్రముల వాహనములు హెచ్చు. వానిలో పంపు లేకుండనే గాలినందించు ఉపాయమొకటి వ్యాపించినది. పొగ ఇంజను నుండి ఏకధారగా రాదు, అలలవలె వచ్చును. ఒక అల పోయిన వెంటనే పొగద్వారమున ఒత్తిడి బయటి గాలికంటె తగ్గును. ఆ క్షణమున పలుచని ఉక్కురేకు కవాటము తెరచుకొని తాజాగాలిని లోనికి పీల్చుకొనును; తరువాతి అల రాగానే మూసికొనును. 2000 తరువాత తయారైన అనేకమైన నాలుగు స్ట్రోకుల మోటారు సైకిళ్లలో గాలి వడపోత పెట్టెనుండి సిలిండరు తలకు పోవు సన్నని రబ్బరు గొట్టము ఇదియే. హైదరాబాదులోగాని విజయవాడలోగాని మెకానిక్కు దుకాణమునకు పోయిన విద్యార్థులు దీనిని చూపుమని అడుగవచ్చును. పనికిరానిదని దానిని ఊడదీసినను, మూసివేసినను బండి నడచును. కాలని పొగ మాత్రము వీధిలోనికి వచ్చును.

ఒక సంగతి మరువరాదు. గాలి అందించుటవలన విషము బొగ్గుపులుసు వాయువుగా మారినదేగాని కర్బనము మాయము కాలేదు. 1966లో ఆ వాయువును నిరపాయకరమైనదిగా ఎంచిరి. భూగోళము వేడెక్కుటకు అది ముఖ్యకారణమని నేడు తెలిసినది. దానిని తగ్గించు శక్తి ఏ గాలి పంపునకును లేదు. కాల్చెడి ఇంధనమునే తగ్గింపవలెను. ఈ విషయమునను జ్ఞానము ముందే వచ్చినది, ఆచరణ వెనుకబడినది. 1964 జూన్, ఆగస్టు నెలల నడుమ లాస్ ఏంజెలెస్ ప్రజలు చూచిన దానిని గుర్తుంచుకొన్నచో, సాధ్యము కాదను మాటను విన్నపుడు అది ప్రకృతి చెప్పినదో, మనుష్యులు చెప్పినదో విచారించుట మనకు అలవడును.